తాళంచెవి తీర్మానం

మా కౌంటీ తిరునాళ్ల కమిటీకి నేను తొమ్మిదేళ్లు కార్యదర్శిగా చేశాను. ఆ తొమ్మిదేళ్లలో నేను రాసిన మినిట్సులో తప్పు పట్టినవాడు లేడు. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, పందుల కొట్టానికి కొత్త రేకులు ఎన్ని కావాలి, నిమ్మరసం దుకాణం ఈసారి ఏ చర్చివాళ్లకి, అన్నీ సమావేశమైన మూడోరోజుకల్లా శుభ్రంగా రాసి ఊరి వారపత్రికకు పంపేవాణ్ని. పత్రిక నడిపే డార్లీన్ అక్షరం మార్చకుండా మూడో పేజీలో వేసేది. జనం సొమ్ముతో నడిచే ప్రతి కమిటీ మినిట్సూ ఆ పేజీలో రావడం మా దగ్గర తాతలనాటి ఆనవాయితీ. గోధుమ ధర చూసుకున్నాక అందరూ చదివేది ఆ పేజీయే.

ఆ ఏడు ఫిబ్రవరిలో రాజధానిలో ఆ చట్టం చేశారు. ప్రభుత్వానికి చెందిన ఏ కట్టడంలోనైనా సరే మరుగుదొడ్డి, స్నానాలగది, బట్టలు మార్చుకునే గది, వీటిలో ఎవరు దేనిలోకి వెళ్లాలన్నది పుట్టినప్పుడు రాసిన కాగితాన్ని బట్టే ఉండాలన్నారు. కాదని వెళ్తే, ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ కట్టడం నడిపేవాళ్లకి జరిమానా. మళ్లీ మళ్లీ జరిగితే వెళ్లిన మనిషి మీద కేసు. ఏప్రిల్లో కౌంటీ లాయరు దగ్గర్నుంచి మాకూ ఉత్తరం వచ్చింది. తిరునాళ్ల మైదానం కౌంటీదే కాబట్టి మైదానంలో ఉన్న స్నానాల కొట్టానికి కూడా పెద్దక్షరాల బోర్డులు తగిలించాలని అందులో ఉంది.

ఉత్తరం నేనే పైకి చదివాను. మా అధ్యక్షుడు విర్జిల్ అన్రూకి డెబ్భై రెండేళ్లు, పందుల్ని పెంచుతాడు, తొందరపడి మాట్లాడడు. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"అయితే తలుపు దగ్గర నిలబడి చూసేదెవరయ్యా? పంది పిల్లల్నయితే నేను తిరగేసి చెప్పగలను. మనుషుల పని నాకు పెట్టకండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "బోర్డులు కొనుటకు ఆమోదం" అని రాసుకున్నాను. ఆ శనివారం డ్రిల్లు పట్టుకెళ్లి రెండు తలుపులకీ నేనే బిగించాను.

నా కూతురి పేరు కోరా. ఆ ఏడు దానికి పదిహేడు. పుట్టినప్పుడు ఆస్పత్రి కాగితం మీద మగపిల్లాడని రాశారు. నాలుగేళ్లు వచ్చేసరికి తను ఆడపిల్లనని చెప్పడం మొదలెట్టింది, ఆరేళ్లు వచ్చేసరికి మేమే ఒప్పుకున్నాం. ఆ ఏడే నా భార్య మార్లా చిన్నాన్న పోయి, ఈ కౌంటీలో ఆయన పొలం మా చేతికొచ్చింది. రాష్ట్రానికి ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చేశాం. ఇక్కడివాళ్లకి మొదటిరోజు నుంచీ కోరా రెండు జడల పిల్ల. కాళ్లు పొడుగు, నోరు పెద్దది, లెక్కల్లో మందం. అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు.

ఏటా జులై ఆఖర్లో తిరునాళ్లు. ఆ వారం పిల్లలు ఇళ్లకి రారు. తాము పెంచిన పశువుల పక్కనే మడతమంచాలు వేసుకుని కొట్టంలోనే ఉంటారు. తెల్లారకముందే లేచి పశువుల్ని కడగడం, మధ్యాహ్నం పోటీలు, సాయంత్రం సబ్బూ తువ్వాలూ పట్టుకుని స్నానాల కొట్టం ముందు వరస కట్టడం. తొమ్మిదేళ్లప్పటి నుంచీ కోరా మంచం పక్కన మేసీ కోప్ మంచం. మేసీ తండ్రి రాండీ మా పక్క పొలం రైతు. ఆ పిల్లలిద్దరూ ఒకే సబ్బు, ఒకే దువ్వెన వాడుకునేవాళ్లు. స్నానాల కొట్టంలో ఒక్కో గదికి పరదా ఉంది కాబట్టి ఎనిమిదేళ్లలో ఏ గొడవా రాలేదు.

ఆ ఏడు కోరా పెంచిన కోడె పేరు బిస్కట్. అక్టోబరులో తెచ్చి పగలూ రాత్రీ దానికి ఊడిగం చేసింది. రోజూ పొద్దున్నే కడిగి, గాలి యంత్రంతో బొచ్చు ఆరబెట్టి, ఎదురు దువ్వి, కంకర రోడ్డు మీద ఉత్తరాల పెట్టె దాకా నడిపించేది. ఆ సేవలో పదోవంతు తన గదికి చేసినా ఇల్లు బాగుపడేదని మార్లా అంటుండేది. తిరునాళ్లు తప్ప ఆ పిల్లకి వేరే పండగ లేదు.

మే నెలలో ఒకరోజు, స్కూలు బస్సు తిప్పి వచ్చి మార్లా కాఫీ తాగుతుంటే, నేను చట్టం ప్రతి బల్ల మీద పెట్టాను. ఫిర్యాదు, జరిమానా, కేసు, ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించాను. ఎవరికైనా ఎక్కడి నుంచైనా తెలిసిందనుకో, పిల్ల తడిజుట్టుతో స్నానాల కొట్టంలోంచి బయటికొస్తుంటే షెరీఫు మనిషి ఎదురుగా నిలబడితే మన దగ్గర ఏముంది చూపించడానికి అన్నాను. కమిటీ నుంచి ఒక కాగితం ఉండాలి అన్నాను. రంగస్థలం మెట్ల వెనక పోటీల న్యాయనిర్ణేతల కోసం ఒంటి మరుగుదొడ్డి ఉంది, అందులోనే స్నానానికి గొట్టం కూడా ఉంది. దాని తాళంచెవి కోరాకి ఇచ్చినట్టు తీర్మానం చేయిస్తే ఎవడూ వేలెత్తి చూపలేడు.

మార్లా ఆ కాగితం ముట్టుకోలేదు.

"పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు, డ్వేన్. ఎవరూ అడగనిదానికి నువ్వెళ్లి జవాబు చెప్తానంటావేంటి? కొరివితో తల గోక్కోకు."

"చట్టం వచ్చింది కదా."

"చట్టం వచ్చింది. మనింటికి రాలేదు. నువ్వే చెయ్యిపట్టి తీసుకొస్తున్నావు."

కోరాని అడుగుదామని నేను అనలేదు, మార్లా కూడా అనలేదు. దానికి ఆ నెలంతా పరీక్షలు. అడిగి ఉంటే ఏం చెప్పేదో నాకు తెలుసు, అందుకే అడగలేదనుకుంటాను. నేను భయస్తుణ్ని. భయస్తుడికి కాగితమంటే మహా ప్రేమ. రాసి ఉన్నది కాపాడుతుందని, రాయనిదాన్ని ఎవడైనా కాదనొచ్చని నా నమ్మకం. పొలం గట్ల తగాదాల్లో, పంట బీమాలో, అన్నిట్లోనూ ఆ నమ్మకమే నన్ను ఒడ్డెక్కించింది.

జూన్ సమావేశం కోతలకి వారం ముందు జరిగింది. మిగతా పనులన్నీ అయ్యాక, నాదొక ప్రతిపాదన ఉందన్నాను. మా అమ్మాయికి న్యాయనిర్ణేతల మరుగుదొడ్డి తాళంచెవి కావాలన్నాను. ఎందుకని అడిగారు. అడుగుతారు కదా మరి. చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గదిలో ఉన్న నలుగురూ నన్ను చూడటం మానేసి బల్ల మీద తమ చేతులు చూసుకున్నారు. కుందేళ్ల పోటీలు చూసుకునే ముసలావిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో నాకు తెలియలేదు. విర్జిల్ జేబులోంచి తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒకటి విప్పి, బల్ల మీద నా వైపు తోశాడు.

"తీసుకో డ్వేన్. దీనికి తీర్మానం ఎందుకు? మేం ఏమీ వినలేదు, నువ్వేమీ చెప్పలేదు. రాయకు."

ఇప్పటికీ ఆ మాట చెవిలో గింగురుమంటుంది. మెత్తగా, బతిమాలినట్టు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రాయకపోతే రేపు ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు కమిటీ అనుమతి ఎక్కడుందని అడుగుతారన్నాను. మీకే మంచిదన్నాను. విర్జిల్ మిగతావాళ్ల వైపు చూసి, సరే నీ ఇష్టం అన్నాడు. ఓటు పెట్టారు, ఐదుకి ఐదూ వచ్చాయి.

ఇంటికొచ్చి ఎప్పటిలాగే రాశాను. పేరు రాయకూడదన్న బుద్ధి మాత్రం నాకుంది. "నూతన చట్టం దృష్ట్యా, కార్యదర్శి సంతానానికి న్యాయనిర్ణేతల మరుగుదొడ్డి తాళంచెవి ఇచ్చుటకు తీర్మానించడమైనది. ఏకగ్రీవం." రెండుసార్లు చదువుకున్నాను. పొందికగా, మర్యాదగా ఉందనిపించింది. పందుల కొట్టం రేకులకీ, నీళ్ల పంపు మరమ్మతుకీ మధ్యలో ఇరికించాను. డార్లీన్‌కి పంపేశాక గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ వారమంతా ఈలవేసుకుంటూ తిరిగాను. ఎందుకంత హుషారని కోరా రెండుసార్లు అడిగింది.

పత్రిక వచ్చిన గురువారం నాటికి కోతలు మాంచి ఊపుమీద ఉన్నాయి. కోతల్లో ఎవరికి తీరిక, ఎవడు చదువుతాడని నా ధీమా. అక్కడే లెక్క తప్పాను. నలభై ఏళ్లుగా గోధుమ పండిస్తున్నవాణ్ని, ఆ మాత్రం తట్టాల్సింది. కోతల్లో మా వాళ్లు చదివినంతగా ఏడాదిలో ఇంకెప్పుడూ చదవరు. ధాన్యం గోదాము ముందు లారీల వరస మైలు పొడుగున ఉంటుంది. గంటా రెండు గంటలు స్టీరింగు ముందు కూర్చోవాలి. గోదాము కిటికీ దగ్గర పత్రికల కట్ట పెట్టి ఉంచుతారు, లారీకొకటి తీసుకుంటారు.

లారీ వరసలో పెట్టి, కాళ్లు సాగదీసుకుందామని దిగి నడిచాను. ముందున్న లారీలో మనిషి స్టీరింగు మీద పరిచిన పత్రికని నన్ను చూసి మడిచాడు. దాని ముందు లారీలోనూ అంతే. మూడో లారీ రాండీ కోప్‌ది. రాండీ మడవలేదు. అద్దం దించి ఉంది, మూడో పేజీ తెరిచి ఉంది. నన్ను చూసి తల ఊపి, వర్షం వచ్చేలోపు నీ పడమటి చెక్క కోత అయిపోతుందా అని అడిగాడు. అయిపోతుందన్నాను.

"ఈ తాళంచెవి కోరాకేగా. ఒంట్లో బాగాలేదా పిల్లకి?" అన్నాడు. నిజంగానే బెంగపడుతున్నాడు. "మా మరదలికి పేగుల జబ్బు చేసినప్పుడు ఆఫీసులో ఇలాగే దగ్గర్లో వేరేది ఇచ్చారు. అలాంటిదేనా?"

నా నోటికి అందేంత దగ్గరగా తెచ్చి పెట్టాడు ఆ మాట. అవును రాండీ, పేగుల జబ్బే అంటే అయిపోయేది. వాళ్లావిడ ఆ సాయంత్రమే కోడి పులుసు వండుకుని మా ఇంటికి వచ్చేది. నేను నోరు తెరిచాను. అబద్ధం రాలేదు. నిజమూ చెప్పలేదు.

రాండీ మళ్లీ పత్రిక వైపు చూశాడు. "నూతన చట్టం" అన్నచోట అతని వేలు ఆగింది.

"సరే డ్వేన్," అన్నాడు చివరికి. "వరస కదులుతోంది."

వెళ్లి నా లారీ ఎక్కాను.

ఆ రోజు ధాన్యం దింపి ఇంటికొచ్చేసరికి ఎండ ఇంకా బాగానే ఉంది. కోరా కొట్టం పక్కన సిమెంటు గచ్చు మీద బిస్కట్‌ని కడుగుతోంది. నీళ్ల గొట్టం చేతిలో ఉంది, నీళ్లు వృథాగా పోతున్నాయి. ఫోను కంచె స్తంభం మీద పెట్టి ఉంది. నేను దగ్గరికి వెళ్లేదాకా తలెత్తలేదు.

"మేసీ పంపింది," అంది. "పేజీ ఫొటో తీసి. ఇదేంటే అని అడిగింది. మళ్లీ గంటకి, అమ్మ నీతో మాట్లాడొద్దంటోంది అని పెట్టింది. నువ్వే రాశావా నాన్నా?"

"పేరు రాయలేదమ్మా."

"నీకు ఎంతమంది పిల్లలు?"

కాపాడాలనే చేశానన్నాను. ఎవరైనా ఫిర్యాదు చేస్తే కాగితం ఉంటుందన్నాను. వింటూ బిస్కట్ వీపు మీద సబ్బునురగ చేత్తో తుడుస్తోంది.

"మేసీ వాళ్ల నాన్న పేగుల జబ్బనుకున్నాడంట," అంది. "ఆయనే అడిగాడంట కదా. అవునంటే సరిపోయేది నాన్నా. ఒక్క మాట."

అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. అరవలేదు. పంపు కట్టేసి, కోడెని లోపలికి తోలుకుపోయింది. కంచే చేను మేస్తే చేను ఎవరితో చెప్పుకుంటుంది? నేనే ఆ కంచెనని నాకు ఆ గచ్చు మీద నిలబడ్డప్పుడు అర్థమైంది. అర్థమై ఏం లాభం, అప్పటికి పత్రిక ప్రతి ఇంటికీ చేరింది.

మార్లా నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు, మేసీ తల్లి షెర్రీ ఫోను చేసిందని మాత్రం చెప్పింది. ఇన్నేళ్లూ మా పిల్ల పక్కన పడుకోబెట్టారు, ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా అని ఏడ్చిందట. పిల్లలు ఏం తప్పు చేశారు షెర్రీ అని మార్లా అడిగితే, ఏమీ చెయ్యలేదు, నాకు తెలుసు, అయినా నాకు నిద్రపట్టడం లేదు అందట. చర్చిలో మా బల్ల మీద మాకు చోటు ఎప్పటికంటే ఎక్కువగా ఉండటం మొదలైంది. ఎవరూ మొహం మీద ఒక్క మాట అనలేదు. మా వాళ్లు మర్యాదస్తులు.

ఈసారి తిరునాళ్లకి వెళ్లొద్దులే అని మార్లా అంది. వెళ్తానంది కోరా. తొమ్మిది నెలలు పెంచాను, నడిపించి తీరతానంది. కొట్టంలో పడుకోకుండా రోజూ తెల్లవారే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేలా ఒప్పుకుంది. తాళంచెవి జానెడు కర్రముక్కకి కట్టి ఉంది. పోకుండా ఉండాలని తీర్మానం అయ్యాక విర్జిల్ కట్టాడు. జేబులో పట్టదు, చేత్తోనే పట్టుకోవాలి.

ఆ మరుగుదొడ్డి ఎక్కడుందో నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు. దాని దాకా నడవడం ఎలా ఉంటుందో మాత్రం ఆలోచించలేదు. పశువుల కొట్టం మైదానానికి ఒక కొసన ఉంటే రంగస్థలం ఇంకో కొసన. మధ్యలో నిమ్మరసం దుకాణం, చర్చి ఆడవాళ్ల పళ్ల రొట్టెల బల్లలు, రంగులరాట్నం, పందుల కొట్టం. ఊరంతా కూర్చుని ఉండే దారి అది. మొదటిరోజు కోరా ఆ కర్రముక్క పట్టుకుని నడుస్తుంటే మాటలు ఆగిపోయి, దాటాక మొదలయ్యాయి. రెండోరోజు పందుల కొట్టం దగ్గర కుర్రాళ్లు కొత్త ఆట కనిపెట్టారు. అది వస్తుంటే జేబుల్లోంచి తమ బండి తాళాలు తీసి గలగలలాడించేవాళ్లు. నోటితో ఏమీ అనరు. విర్జిల్ చూసి ఇద్దర్ని చెవులు పట్టుకుని బయటికి పంపాడు. అప్పటికే మిగతావాళ్లు నేర్చుకున్నారు.

ఒక్కసారి మేసీ కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చి కోరా పక్కన నడవడం నా కార్యదర్శి బల్ల దగ్గర్నుంచి చూశాను. ఇద్దరూ తలలు వంచుకుని, జబ్బలు తగిలేంత దగ్గరగా నడిచారు. రంగులరాట్నం దాకా వెళ్లారు. అక్కడ షెర్రీ పిలిచింది. మేసీ కాసేపు కదలకుండా నిలబడి, వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత కోరా అటువైపు వెళ్లడమే మానేసింది. హమ్మయ్య, గొడవ తగ్గిందనుకున్నాను. నా బుర్రకి అంతే అందింది. బుధవారం సాయంత్రం మార్లా బండి వెనక సీట్లోంచి నీళ్ల సీసా తీసి నాకు చూపించింది.

"పొద్దున నింపాను. మూత కూడా తియ్యలేదు. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఈ ఎండలో."

నేను వెళ్లి అడిగితే, దాహం లేదు నాన్నా అంది కోరా. పెదవులు పగిలి ఉన్నాయి. తాగు అన్నాను. తాగితే వెళ్లాలి కదా అంది, లెక్కల పాఠం చెప్పినట్టు. ఇంటికి పోదాం పద అన్నాను. రేపొక్కరోజు అంది.

గురువారం మధ్యాహ్నం కోడెల పోటీ. న్యాయనిర్ణేత పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినాయన, ఎవరి సంగతీ తెలియనివాడు. కోరా తెల్లచొక్కా వేసుకుని, జడ బిగించి, తాడు పొట్టిగా పట్టుకుని బిస్కట్‌ని వరసలో నిలబెట్టింది. పొడుగు కర్రతో వెనక కాలు ఒక్క అంగుళం జరిపి, కోడె పొట్ట గోకి, కళ్లు మాత్రం న్యాయనిర్ణేత మీదే పెట్టింది. మొహం పాలిపోయి ఉంది. ఆయన ప్రతి కోడెనీ తడిమి, మైకు పట్టుకుని, ఈ కౌంటీలో ఇంత ఒద్దికగా పశువుని నిలబెట్టిన అమ్మాయి ఇంకొకరు లేరన్నాడు. రెండో స్థానం ఇచ్చాడు. కోరా నవ్వింది. జూన్ తర్వాత అది నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. చప్పట్లు అక్కడక్కడా పడ్డాయి. విర్జిల్ ఒక్కడే లేచి నిలబడి కొట్టాడు.

కొట్టంలోకి వచ్చి బిస్కట్‌ని కట్టేసి, గడ్డి మీద కూర్చుంది. మళ్లీ లేవలేకపోయింది. మార్లా నుదుటి మీద చెయ్యి పెట్టి నన్ను కేకేసింది. ఒళ్లు కాలిపోతోంది. ఎత్తుకుని బండి దాకా మోసుకెళ్లాను. పదిహేడేళ్ల పిల్ల ఏమీ బరువులేదు. దారిలో జనం పక్కకి జరిగి తోవ ఇచ్చారు. ఎవరో ఐసు ఇచ్చారు, ఎవరో ముందే గేటు తీశారు. షెర్రీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

నీళ్లు తాగకుండా, వచ్చినా వెళ్లకుండా బిగబట్టుకోవడంతో మూత్రపిండాలకి చీము పట్టిందని డాక్టరు చెప్పింది. ఇంకొక రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమంది. రెండు రోజులు సెలైను ఎక్కించారు. నేను మంచం పక్కనే కూర్చున్నాను. కోరా గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది వినపడినా ఇటు తిరగలేదు. నా మీద కోపం ఉందా అమ్మా అని అడిగాను. లేదు నాన్నా అంది. అది నిజమేనని నాకు తెలిసింది. దానికి అలిసిపోవడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

శనివారం పొద్దున మార్లా అక్క జానిస్ కొలరాడో నుంచి కారు నడుపుకుంటూ వచ్చింది. వాళ్లు ముందే మాట్లాడుకున్నారు. కోరా స్కూలు ఆఖరి ఏడు అక్కడే చదువుతుంది, అక్కడ ఆ చట్టం లేదు, ఆ మినిట్సూ లేవు. నన్ను ఎవరూ సలహా అడగలేదు. ఇంటికి కూడా రాకుండా ఆస్పత్రి నుంచే బయల్దేరింది. కారెక్కేముందు నా వైపు చూసి ఒక్క మాట చెప్పింది.

"ఇవాళ వేలానికి బిస్కట్‌ని నువ్వే నడిపించు. తాడు పొట్టిగా పట్టుకో, జనాన్ని చూస్తే బెదురుతుంది."

తిరునాళ్ల ఆఖరిరోజు పశువుల్ని మాంసానికి వేలం వేస్తారు. పెంచిన పిల్లలే తమ పశువుని బరిలోకి తేవాలని మా ఆచారం. పిల్లలందరి మధ్యా యాభై ఆరేళ్లవాణ్ని నేను, దాని తాడు పట్టుకుని బరిలోకి వెళ్లాను. కోరా హోలుబ్ కోడె అని మైకులో చదివారు. జనం లేచి నిలబడ్డారు. ఊరంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. పాట మొదలయ్యాక ధర ఎంత పెరిగినా ఎవరూ చెయ్యి దించలేదు, రాండీ అయితే మొత్తం అయ్యేదాకా ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచాడు. వాళ్లు ఆ విధంగానే క్షమాపణ చెప్పగలరు, ఇంకో విధం తెలియదు. నేను వాళ్లని తిట్టుకోలేకపోయాను. ఆ చప్పట్లు కర్రముక్క పట్టుకుని నడిచిన రోజున పడి ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అనిపించింది. బిస్కట్ ఎక్కడా బెదరలేదు. బరి అవతల తాడు ఇంకొకరి చేతికిచ్చి బయటికొచ్చాను.

ఆగస్టు సమావేశంలో రాజీనామా ఇచ్చాను. విర్జిల్ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

కోరా ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. మార్లాతో గంటసేపు, నాతో నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలు వాన పడిందా, విత్తనం వేశావా, ఆవులు ఎన్ని ఈనాయి అని అడుగుతుంది. కొత్త స్కూలు బాగుంది, అక్కడ నాకు ఇద్దరు స్నేహితులు దొరికారు అని చెప్పింది. ఏమీ దాచకుండా చెప్తోందన్న సంతోషంతో అక్టోబరులో ఒకసారి ధైర్యం చేశాను. కొండల్లో చలి ముందే మొదలవుతుంది, నీ చలికోట్లు ఇక్కడే ఉండిపోయాయి, శనివారం నేను పట్టుకొస్తానమ్మా, మీ స్కూలు, నీ స్నేహితులు, అందర్నీ చూసినట్టుంటుంది అన్నాను.

ఫోను పెట్టేసిందేమోనని పిలిచాను.

"ఉన్నాను నాన్నా," అంది. గొంతు మెత్తగా ఉంది, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు. "కోట్లు అమ్మతో పంపు. నువ్వు రావొద్దు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. నువ్వు మంచోడివి నాన్నా. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పలేవు."

సరేనమ్మా అన్నాను. వాన పడిందా అని అడిగింది. కాస్త పడిందన్నాను.

శనివారం పొద్దున కోట్లు రెండూ, చలి బూట్లూ, ఊలు టోపీ కారు వెనక సీట్లో నేనే సర్దాను. టైర్లలో గాలి చూశాను, అద్దం తుడిచాను. మార్లా ఒక్కతే వెళ్లింది.